వహాకా మెస్కాల్: మట్టికుండ సరుకు పోల్చుకోవడం ఎలా?

డల్లాస్_చంటి: వచ్చే నెల మెక్సికోలోని వహాకా వెళ్తున్నాం. అక్కడి సాంత కాతరీనా మినాస్ ఊళ్లో మట్టికుండల్లో కాచే మెస్కాల్ (కిత్తనార సారా) కొనాలి. అసలు సరుకు ఎలా పోల్చుకోవాలి? ఏ రకం కిత్తనారది మంచిది? సీసాలు పగలకుండా ఎలా తేవాలి?

వహాకా_వెటరన్: 4 సార్లు వెళ్లొచ్చినవాడిగా చెప్తున్నా. లేబుల్ మీద ‘ఆన్సెస్త్రాల్’ అని ఉంటే మట్టికుండది. ‘ఆర్తెసనాల్’ అంటే రాగి బట్టీ కూడా కావచ్చు. ఉత్త ‘మెస్కాల్’ అని ఉంటే ముట్టుకోకండి. సీసాలో పురుగుంటే అసలే వద్దు. అది 1950 ప్రాంతంలో మొదలైన వ్యాపారపు ఎత్తు.

బే_ఏరియా_బాబు: లేబుల్ చూసి కొనేవాడికి రుచేం తెలుస్తుంది? ‘మెస్కాల్’ అనే సర్టిఫికెట్ ఖర్చు ఎందుకని ‘దెస్తిలాదో దె ఆగావె’ (కిత్తనార సారా) పేరుతో అమ్మే పాత బట్టీలవాళ్లున్నారు. నేను తెచ్చుకున్నది అదే. పొగ గుప్పుమంది!

శాకాహారి_సుబ్బు: పెచూగా అనే రకం మెస్కాల్ గురించి ఎవరూ హెచ్చరించరేం? ‘పండ్లు వేసి కాచింది’ అంటే రెండు కప్పులు లాగించాను. తర్వాత చెప్పారు, బట్టీలో ఆవిరి తగిలేలా పచ్చి కోడి రొమ్ము వేలాడదీస్తారని. ఆ రాత్రి నిద్ర లేదు. మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

గుంటూరు_కారం: ఆవిరే కదా సుబ్బూ, ముక్క గ్లాసులోకి రాలేదుగా. వెజ్జే.

శాకాహారి_సుబ్బు: కోడికూర మూత నుంచి కారిన నీళ్లు మీ ఇంట్లో దేవుడికి పెడతారా?

గుంటూరు_కారం: మెస్కాల్ పెడతారా మరి?

వహాకా_వెటరన్: మీ గోల ఆపండి. బాబు గారూ, పొగే గొప్ప అనుకుంటే పొరపాటు. గొయ్యిలో కాలిన రాళ్ల మీద కిత్తనార గడ్డలు పేర్చి, మట్టి కప్పి 3–5 రోజులు మగ్గిస్తారు. పొగ అక్కడ పట్టేదే. కానీ మాగిన గడ్డ తీపి ముందు తెలియాలి. కట్టెల పొయ్యి పప్పులో పొగే తగిలితే పప్పు మాడిందని అర్థం. మినాస్‌లో పాత పద్ధతివాళ్లు గడ్డల్ని కర్ర సుత్తులతో చేత్తోనే దంచుతారు, గుర్రం తిప్పే రాతి చక్రం కూడా వాడరు.

ఉట్నూరు_పోరడు: కుండ మీద కుండ, పైన చల్లనీళ్ల గిన్నె, దాని అడుగున ఆవిరి బొట్లు కట్టి లోపలి గరిటెలో పడి గొట్టంలోంచి కారుడు. వీడియో చూసి నవ్వొచ్చింది. మా దిక్కు ఇప్పసారా కూడా ఇట్లనే కాస్తరు. వాళ్ల ‘మెస్కాల్’ పేరుకు 1994లో చట్ట రక్షణ దొరికింది. మా తాత కుండలు మాత్రం పగిలినయి.

వహాకా_వెటరన్: పోలికే లేదు తమ్ముడూ. ఇప్పపువ్వు ఏటా రాలుతుంది. ఎస్పదిన్ రకం కిత్తనార ఎదగడానికే 6–8 ఏళ్లు, తెపెస్తాతే రకానికి 20 దాటుతుంది.

ఉట్నూరు_పోరడు: ఇప్పచెట్టు నిన్న నాటితే ఇయ్యాల పూస్తదా అన్నా?

కదిరి_రైతుబిడ్డ: కిత్తనార అంటే గుర్తొచ్చింది. మా నాయన గట్టున ఉన్నదంతా పెరికించి ఇనుప కంచె వేయించినాడు. చిత్తూరు జిల్లాలో డెస్మండ్ నజరత్ అనే ఆయన ఆ కిత్తనారతోనే స్పిరిట్ తీసి గోవాలో అమ్మినాడని తర్వాత తెలిసింది. పూలకాడ లేవకముందే కోయాలంట, లేకుంటే తీపంతా కాడకే పోతుంది. మా వాటికి కాడ లేచేదాకా ఉంచిందెవరు!

గుంటూరు_కారం: కిత్తనార అంటే కలబందేగా?

కదిరి_రైతుబిడ్డ: కాదు సామీ. కలబంద ముఖానికి రాసుకునేది. కిత్తనార మట్ట రాసుకుంటే దురదతో చస్తావు.

డల్లాస్_చంటి: అన్నలూ, సీసాలు?

గుంటూరు_కారం: జీన్స్ ప్యాంటు కాలులోకి దూర్చి చుట్టు. పెచూగా ఒకటి సుబ్బు గారికి తీసుకురా.

శాకాహారి_సుబ్బు: మోడరేటర్ గారూ, ఇతన్ని బ్లాక్ చెయ్యండి.