ఆటిజం ఉన్న మా బాబుకి కుక్కను తోడు పెట్టొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. మాది కావలి. మా బాబుకి ఏడేళ్లు, ఆటిజం ఉంది. స్పీచ్ థెరపీకి వారానికి రెండుసార్లు రైల్లో నెల్లూరు తీసుకెళ్తున్నాం. మాటలు కొన్ని వచ్చాయి గానీ ఎవరినీ తనంతట తాను పలకరించడు. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటే గోడవైపు తిరిగి కూర్చుంటాడు.

పోయిన నెల మా మెట్ల కింద ఒక ఎర్ర కుక్కపిల్ల చేరింది. ఒకరోజు వీడు చేతిలోని మేరీ బిస్కెట్‌ని విరిచి, సగం దాని ముందు పెట్టి "రా" అన్నాడు. నన్ను కూడా ఎప్పుడూ అలా పిలవలేదండీ. అది వేళ్లు నాకినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తలకి నూనె రాస్తేనే ఏడ్చే పిల్లాడు! ఇప్పుడు పక్కింటి పాప కుక్కపిల్ల కోసం వస్తే, ఆ పాప పక్కనే కూర్చుంటున్నాడు.

1960ల్లోనే బోరిస్ లెవిన్సన్ అనే అమెరికా సైకాలజిస్టు, తన కుక్క జింగిల్స్ గదిలో ఉంటే పిల్లలు త్వరగా దగ్గరవుతున్నారని రాశారట. చదివాక ఆశ పెరిగింది.

ఈ వీధి కుక్కపిల్లనే పెంచొచ్చా, లాబ్రడార్ లాంటిది తెచ్చుకోవాలా? మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయిస్తాం. కానీ వీడు ఒక్కోసారి చెవులు పట్టి గట్టిగా లాగుతాడు, నా టెన్షనంతా అదే. ఇద్దరికీ ఎలా నేర్పాలి? మా అత్తయ్యగారు వద్దంటున్నారు, ఆవిడ భయాన్నీ కొట్టిపారేయలేను. నెల్లూరు, ఒంగోలు వైపు ఇలాంటి పిల్లలకి కుక్కలతో థెరపీ చేయించేవాళ్లు ఉన్నారా? చెన్నై అయినా వస్తాం. మీ పిల్లలతో ఇలా చేసి చూసినవాళ్లు ఉంటే దయచేసి వివరంగా రాయండి.