ఫ్లాట్ యాత్రికులకు రోజు బాడుగకి ఇవ్వొద్దంటే తీర్మానం సరిపోతుందా, బైలా మార్చాలా?

కరకంబాడి రోడ్డు: తిరుపతిలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ 2001 నాటి ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరైంది. కొందరు ఓనర్లు ఫ్లాట్లను తిరుమల యాత్రికులకు రోజు బాడుగకి ఇస్తున్నారు. ఇకమీద ఇవ్వకూడదని జనరల్ బాడీలో తీర్మానం చేశాం. బైలాలో, అంటే అసోసియేషన్ నియమావళిలో, లేనిది చెల్లదని ఒక ఓనరు నోటీసు పంపారు. తెలిసినవాళ్లు చెప్పండి.

బైరాగిపట్టెడ: చెల్లుతుంది. మెజారిటీ చెప్పాక ఇంకేముంది?

పాత గుమస్తా: రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. జనరల్ బాడీ తీర్మానం బైలాకు లోబడే ఉండాలి. ఓనరు హక్కుకి కొత్తగా హద్దు పెట్టాలంటే బైలానే సవరించి, ఆ సవరణను రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. మీటింగుకి ఎన్ని రోజుల ముందు నోటీసివ్వాలో, కోరం (కనీసం ఎంతమంది హాజరు కావాలో) ఎంతో మీ బైలాలోనే ఉంటుంది. ముందు అది తీసి చదవండి.

కొర్లగుంట: పార్కింగ్ సంగతి కూడా చెప్పండి సార్. స్టిల్ట్ పార్కింగ్ (బిల్డింగు కింద పిల్లర్ల మధ్య జాగా) బిల్డర్ అమ్మకూడదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది కదా, మా బిల్డర్ నా దగ్గర విడిగా డబ్బు తీసుకున్నాడు.

పాత గుమస్తా: అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పు. దానికి వేరే చర్చ పెట్టండి.

ఫ్లాట్ 304: నోటీసు పంపింది నేనే. బెంగళూరులో ఉంటాను. ఫ్లాట్ నాది, పన్ను కడుతున్నాను, మెయింటెనెన్స్ ఒక్క నెల కూడా ఆపలేదు. ఎవరికిచ్చుకుంటే మీకేంటి?

కరకంబాడి రోడ్డు: ఏంటంటారా? రాత్రి రెండున్నరకి మా బెల్ కొట్టి, దర్శనం టోకెన్లు శ్రీనివాసం కాంప్లెక్సులో ఇస్తారా, విష్ణునివాసంలోనా అని అడుగుతారు. పాపం, వాళ్ల తప్పు కాదు, ఫ్లాట్ నంబరు తెలీక కొడతారు. మా కోడలు మాత్రం పసిబిడ్డతో ఉలిక్కిపడి లేస్తుంది. ఒక ఫ్లాట్‌లో పన్నెండు మంది దిగి, అందరూ గుండ్లు చేయించుకొచ్చి తలస్నానాలు చేస్తే తెల్లారేసరికి సంపు ఖాళీ. ట్యాంకర్ డబ్బులు మాత్రం అందరం సమానంగా పంచుకుంటున్నాం. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం చదవండి. ఫ్లాట్ మీదే. మెట్లు, లిఫ్టు, సంపు మాత్రం అందరి ఉమ్మడి ఆస్తి.

ఫ్లాట్ 304: నీళ్లకి మీటరు పెట్టండి, వాడినంత కడతాను. మీటింగు నోటీసు నాకు ఎప్పుడిచ్చారు? అది చెప్పండి.

కరకంబాడి రోడ్డు: వాట్సాప్ గ్రూపులో పెట్టాం.

ఫ్లాట్ 304: ఆ గ్రూపులోంచి నన్ను తీసేశారు!

బైరాగిపట్టెడ: ఇళ్ల కోసం పర్మిషన్ తీసుకున్న బిల్డింగులో లాడ్జి నడుపుతూ నోటీసు అడుగుతున్నావా? సిగ్గుండాలప్పా.

ఫ్లాట్ 304: సిగ్గు గురించి మీరు చెప్పొద్దు. మా అమ్మ పోయాక ఆ ఫ్లాట్ నెల బాడుగకే ఇవ్వాలనుకున్నాను. మొదట వచ్చింది ఆసుపత్రిలో పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు. బ్యాచిలర్స్ వద్దని కమిటీ అంది. తర్వాత ఒక కుటుంబం అడ్వాన్సు కూడా ఇచ్చింది. గేటు దగ్గరే ఆపి మాంసం వండుతారా అని అడిగి, అవునంటే వెనక్కి పంపేశారు. ఆయన భార్య అక్కడే నిలబడి ఏడ్చింది. ఆ నిబంధన ఏ బైలాలో ఉంది? దానికి ఏ తీర్మానం చేశారు? నెలల తరబడి ఖాళీగా పెట్టుకుని బ్యాంకు లోను కట్టాను. మీ రూల్స్ వల్లే యాత్రికులకి ఇచ్చాను.

కొర్లగుంట: అసలు గొడవ ఇదా అన్నా! ముందే చెప్పొచ్చు కదా.

కరకంబాడి రోడ్డు: అది కొండకింద ఊరి పద్ధతి, మొదటినుంచీ ఉంది. మా పెద్దవాళ్లు ఆ నమ్మకంతోనే ఇక్కడ కొనుక్కున్నారు. రోజుకో కొత్త మనిషి రావడం వేరు, ఇది వేరు.

పాత గుమస్తా: వేరు కాదండీ. ఆయన బైలా చూపించమన్నప్పుడు మీరు చూపించాలి. రాతలో లేని పద్ధతితో బాడుగవాళ్లను ఆపడం తప్పు, దాన్ని నేను సమర్థించను. అలాగని రోజు బాడుగలూ సమర్థించను, నీళ్ల బాధ నిజం. మళ్లీ నోటీసిచ్చి, ఊళ్లో లేని ఓనర్లకి పోస్టులో కూడా పంపి, రెండు సంగతులూ అజెండాలో పెట్టండి.

కరకంబాడి రోడ్డు: నోటీసు పోస్టులో పంపుతాం. వంట సంగతి అజెండాలో పెట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ఫ్లాట్ 304: అయితే సొసైటీల చట్టంలో ఇలాంటి గొడవలకి 23వ సెక్షన్ ఉంది. జిల్లా కోర్టులో అర్జీ వేస్తాను.