జరిమానా పెంచితే ప్రమాదాలు తగ్గుతాయన్న వాదనలో బలమెంత?

ప్రశ్న: ట్రాఫిక్ జరిమానాలు భారీగా పెంచిన మరుసటి ఏడాది ప్రమాదాలు తగ్గాయి కనుక, రోడ్డు భద్రతకు అదే మార్గమన్న వాదన తరచూ వినిపిస్తుంది. ఇది తర్కానికి నిలుస్తుందా?

జవాబు 1: నిలుస్తుందనే నా అభిప్రాయం. జేబుకు చిల్లు పడుతుందంటే ఎవరైనా ఒక క్షణం ఆలోచిస్తారు. నేరశిక్షలను ఆర్థికశాస్త్ర దృష్టితో పరిశీలిస్తూ అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1968లో చెప్పినదీ ఇదే.

జవాబు 2: బెకర్ చెప్పినదాంట్లో సగమే మీరు ప్రస్తావించారు. ఆయన లెక్కలో శిక్ష ఎంత అన్నదానితోపాటు, పట్టుబడే అవకాశం ఎంత అన్నదీ ఉంది. జరిమానా 1,000 అయి, 100 ఉల్లంఘనల్లో ఒక్కటే పట్టుబడుతుంటే, ఒక్కో ఉల్లంఘన మీద పడే సగటు భారం 10. జరిమానాను రెట్టింపు చేసినా, నిఘాను రెట్టింపు చేసినా అది 20 అవుతుంది. కాగితం మీద రెండూ సమానమే గాని, స్టీరింగ్ పట్టుకున్నవాడికి సమానం కావు. శిక్ష ఎంత కఠినమన్నదాని కన్నా, అది తప్పదన్న నమ్మకమే నేరాన్ని ఎక్కువగా ఆపుతుందని ఇటలీ న్యాయతత్వవేత్త బెకారియా 1764లోనే రాశాడు.

స్పీడ్ కెమెరా ఉన్న చోట కాసేపు నిలబడితే ఇది కళ్లారా చూడవచ్చు. కెమెరా కనబడగానే కాలు బ్రేకు మీదికి వెళుతుంది. స్తంభం దాటిన కాసేపటికే ముల్లు మళ్లీ పాత అంకెకు చేరుతుంది. జరిమానా ఎక్కడ పడుతుందో, ఎక్కడ పడదో ఆ డ్రైవరుకు బాగా తెలుసు. రెండు చోట్ల మధ్య పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం లెక్కగట్టే కెమెరాల దగ్గర, జరిమానా ఒక్క పైసా పెరగకపోయినా, ఈ ఉపాయం పారదు.

ఇక మరుసటి ఏటి తగ్గుదల సంగతి. ప్రమాదాలు బాగా పెరిగి జనంలో ఆందోళన రేగినప్పుడే ప్రభుత్వాలు సాధారణంగా జరిమానాలు పెంచుతాయి. అంతటి చెడ్డ ఏడాది తరువాత అంకెలు ఎటూ మామూలు స్థాయికి దిగే అవకాశమే ఎక్కువ. దానికితోడు, కొత్త జరిమానాల వెంటే ప్రచారమూ, తనిఖీలూ పెరుగుతాయి.

జవాబు 1: తనిఖీలకు సిబ్బందీ, ఖర్చూ కావాలి. జరిమానా పెంచడానికి ఒక ఉత్తర్వు చాలు కదా?

జవాబు 2: ఉత్తర్వు చౌకే. అయితే జరిమానా మితిమీరితే రాసే అధికారి వెనకాడతాడు, కట్టవలసినవాడు బేరానికో కోర్టుకో సిద్ధపడతాడు, చివరికి పట్టుబడితే తప్పదన్న భయం కూడా పోతుంది. ఫిన్లాండ్‌లో పెద్ద వేగ ఉల్లంఘనలకు ఆదాయాన్ని బట్టి జరిమానా వేస్తారు. ధనికుడికీ పేదకూ మధ్య తేడాను అది సరిచేస్తుంది గాని, పట్టుబడేవారి సంఖ్యను పెంచదు. తనిఖీలు పెరగకుండా జరిమానా ఒక్కటే పెరిగి, ఆ తగ్గుదల కొన్నేళ్లపాటు నిలిచిన చోటు ఒక్కటి చూపండి, నా అభిప్రాయం మార్చుకుంటాను.