బోటు మీద వీశాట్: యాక్సిలరేటర్ బాక్సు కొనాలా, వద్దా?

బోటు_ఐటీ:
మాది వైజాగ్ హార్బర్ నుంచి వెళ్లే సర్వే బోటు. తీరం దాటాక మొబైల్ సిగ్నల్ ఉండదు, వీశాట్ (ఉపగ్రహం ద్వారా వచ్చే ఇంటర్నెట్) ఒక్కటే దిక్కు. పైకీ కిందికీ 10 ఎంబీపీఎస్ ప్లాను, పింగ్ (కబురు వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైము) 600 మిల్లీసెకన్లు. సిరిపురం ఆఫీసుకి పెద్ద ఫైలు పంపితే మాత్రం 850 కేబీపీఎస్ దగ్గరే ఆగిపోతోంది. లింకు ఇచ్చినాయన, వేగం పెంచే యాక్సిలరేటర్ బాక్సు కొనమంటున్నాడు. కొనాలా?

ఎంవీపీ_కాలనీ:
వద్దు. ఆ 850 చూస్తేనే తెలిసిపోతోంది. విండో స్కేలింగ్ (ఒక్క విడతలో పంపే మోతాదుని, అంటే విండోని, పెంచే ఆప్షన్) లేని టీసీపీ (ఇంటర్నెట్‌లో డేటాని ప్యాకెట్లుగా పంపే పద్ధతి), అవతలి నుంచి "అందింది" అని కబురొచ్చేదాకా 65,535 బైట్లకు మించి పంపదు. 0.6 సెకన్లకు ఒకసారి అంతే అంటే దాదాపు 870 కేబీపీఎస్. మీ లింకు నిండాలంటే విండో 750 కిలోబైట్లు కావాలి. దీనికి మందు, ఆ స్కేలింగే, 1992లోనే వచ్చింది. మధ్యలో ఎవరో దాన్ని ఆపేసి ఉంటారు.

పెదవాల్తేరు_మాస్టారు:
విండో ఒక్కటే అయితే బాగుండును బాబూ. టీసీపీ పది ప్యాకెట్లతో మొదలుపెట్టి రౌండుకి రెట్టింపు చేసుకుంటూ పోతుంది. 750 కిలోబైట్లకు చేరేసరికి మూడు సెకన్లు దాటుతుంది. చిన్న ఫైలు పూర్తి వేగం అందుకోకముందే అయిపోతుంది. వానకి ప్యాకెట్లు పోతే, లింకు రద్దీగా ఉందనుకుని వేగం తగ్గించేస్తుంది. బాక్సు అయితే పంపే మెషీన్ పక్కనుంచే "అందింది" అని చెప్పేసి, ఉపగ్రహం మీద తన పద్ధతిలో పంపుకుంటుంది.

ఎంవీపీ_కాలనీ:
నా భయం అక్కడే మాస్టారూ. "అందింది" అన్నాక, ఫైలు ఒడ్డుకు చేరకముందే బోటులో కరెంటు పోతే? పైగా వీపీఎన్ (డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసి పంపే దారి) ఉంటే బాక్సుకి టీసీపీ హెడర్లే (ప్యాకెట్ మీది వివరాలు) కనబడవు. 2021లో ప్రమాణమైన క్విక్ (టీసీపీకి బదులు వాడే, తనే ఎన్‌క్రిప్ట్ చేసుకునే పద్ధతి) తోనూ అదే గొడవ.

పెదవాల్తేరు_మాస్టారు:
కరెంటు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఫైలు పూర్తిగా చేరిందో లేదో బాక్సు లేకపోయినా చివర్లో సరిచూసుకోవాల్సిందే కదా! వీపీఎన్ అంటారా, రెండు వైపులా బాక్సుని ఎన్‌క్రిప్షన్‌కి లోపలి పక్క, అంటే డేటాకి తాళం పడని చోట పెట్టాలి.

గాజువాక_గేమర్:
550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే స్టార్‌లింక్ ఉండగా ఈ గోలెందుకన్నా?

ఎంవీపీ_కాలనీ:
ఆయన అడిగింది ఉన్న లింకు గురించి తమ్ముడూ. ఆ ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల పైనుంది, అందుకే అంత పింగ్.

బోటు_ఐటీ:
ఎంవీపీ గారూ, మీరన్నదే! మా ఆఫీసు ఫైర్‌వాలే (భద్రతకి డేటాని వడపోసే పరికరం) ఆ విండో స్కేలింగ్ ఆప్షన్ తీసేస్తోంది. సరిచేశాక పెద్ద ఫైలు 7 ఎంబీపీఎస్‌తో వెళ్లింది. అయితే నిన్న వాన పడగానే రెండుకి దిగింది. చిన్న ఫైళ్లు వందలున్నాయి, అవి ఇంకా నత్తనడకే. మాస్టారూ, బాక్సు నెల అద్దెకి దొరుకుతుందా?

ఎంవీపీ_కాలనీ:
అద్దె కట్టేముందు ఆ చిన్న ఫైళ్లన్నీ ఒక్క జిప్ చేసి పంపి చూడండి. వానకి, పంపే మెషీన్‌లో బీబీఆర్ (టీసీపీ ఎంత వేగంగా పంపాలో లెక్కగట్టే మరో పద్ధతి) ఆన్ చేయండి. ప్యాకెట్ పోయిన ప్రతిసారీ అది కంగారుపడదు.