గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీకి ముందు ఏ గేమ్ కొనాలి?

మాది మిర్యాలగూడ. మా బావ తన పాత ఎస్పీ (చేతిలో పట్టుకుని ఆడే నింటెండో గేమ్ మెషీన్) నాకిచ్చాడు. బటన్లు గట్టిగానే ఉన్నాయి, మూత మడిచే కీలు దగ్గర కొంచెం వదులు. ఇప్పుడు ఒక్క గేమ్ కార్ట్రిడ్జ్‌కే డబ్బులున్నాయి.

తమ్ముడు పోకెమాన్ ఎమరాల్డ్ అని పట్టుబట్టాడు. పాత కార్ట్రిడ్జ్‌లో బ్యాటరీ అయిపోతే గేమ్‌లోని గడియారం ఆగి, అందులో నాటిన బెర్రీలు పెరగవు. సేవ్ మాత్రం పోదు. నాకు మెట్రాయిడ్ ఫ్యూజన్ ఇష్టం. కానీ అందులో సేవ్ గదికి చేరితేనే సేవ్ అవుతుంది, నల్గొండ బస్సులో దిగేటప్పుడు టెన్షన్. అడ్వాన్స్ వార్స్ అయితే ఒకే మెషీన్ చేతులు మార్చుకుంటూ ఇద్దరం ఆడొచ్చు, యుద్ధం మధ్యలోనూ సేవ్ చేసుకోవచ్చు. నా మొగ్గు అటే.

ఆడినవాళ్లు చెప్పండి, ఎక్కువ కాలం విసుగు రానిది ఏది? కార్ట్రిడ్జ్ పిన్నుల పైన బోర్డు మీద నింటెండో అని ఉంటే అసలుదేనని నమ్మొచ్చా, ఇంకేమైనా చూడాలా?