సైన్స్ వ్యాన్ వచ్చి వెళ్లాక పిల్లల్లో ఏం మిగులుతుంది?

చిన్నకొలత: పల్లెబడులకు కిట్లతో వెళ్లి ఒక్కరోజు ప్రయోగాలు చేయిస్తారు. సాయంత్రం ఫారం ఇస్తే పిల్లలందరూ 'సైన్స్ చాలా ఇష్టం' దగ్గర టిక్కు పెడతారు. అది ఇష్టమా, ఆ రోజు పాఠం తప్పిందన్న సంబరమా? నాకైతే రెండోదే అనిపిస్తుంది.

తూనీగ: అలా తీసిపారేయకండి. మైక్రోస్కోపులో నీటిచుక్క చూసిన ఓ పిల్ల 'అమ్మో, కదులుతోంది!' అని వెనక్కి గెంతడం నేను చూశాను. పుస్తకంలో అమీబా బొమ్మ చూసి ఎవరైనా గెంతుతారా?

చిన్నకొలత: గెంతడం సరే, తర్వాత? అబ్రహామ్స్, మిల్లర్ అనే ఇద్దరు ఇంగ్లండు హైస్కూళ్లలో 25 ప్రయోగాల క్లాసులు కూర్చుని చూసి 2008లో రాశారు. చేతులతో చేయాల్సిన పని పిల్లలు బాగానే చేశారట. చేసినదాన్ని దాని వెనకున్న సూత్రంతో కలిపి ఆలోచించడం దగ్గరే తడబడ్డారట.

తూనీగ: చాలా దేశాల్లో పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే 'పీసా' పరీక్ష 2015 లెక్కలూ చూడండి. ప్రయోగాలు, చర్చలు ఎక్కువున్న క్లాసుల పిల్లలకు చాలా దేశాల్లో మార్కులు తక్కువే వచ్చాయి, ఒప్పుకుంటాను. కానీ పెద్దయ్యాక సైన్స్ రంగంలోకి వెళ్తామన్నవాళ్లు ఆ పిల్లల్లోనే ఎక్కువ. మనం మాట్లాడుతున్నది మార్కుల గురించి కాదు కదా.

సుద్దముక్క: నేను అలాంటి బడిలోనే పనిచేస్తున్నాను. మా దగ్గర లోలకం ప్రయోగం చేయించారు. రాయి బరువు పెరిగినా ఊగే సమయం మారదని చూపించాలి. 25 సెంటీమీటర్ల దారానికి ఒక రాయి కడితే పది ఊపులకు 10 సెకన్లు. ఒకబ్బాయి రెండో రాయిని దాని కింద వేలాడదీశాడు. దాదాపు 12 వచ్చింది. 'సార్, మారింది!' అన్నాడు. వచ్చినాయన 'తప్పు కట్టావు' అని పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. పాపం, ఆయనకు ఇంకో నలభై మంది ఉన్నారు. అబ్బాయి ముఖం చూడలేకపోయాను. అసలు సైన్స్ దొరికింది వాడికే. రాయి కిందికి దిగితే లోలకం పొడవు పెరిగినట్టే కదా!

చిన్నకొలత: నేననేదీ అదేనండీ. కిట్ మీ బడిలోనే వదిలి వెళ్లారా?

సుద్దముక్క: వదిలారు, బీరువాలో ఉంది. తాళంచెవి అడిగినప్పుడల్లా 'పగిలితే ఎవరిది పూచీ?' అంటారు. దారానికీ రాళ్లకూ బీరువా ఎందుకని, మర్నాడు బయట ఏరుకొచ్చాం.

తూనీగ: ఆ అబ్బాయి?

సుద్దముక్క: రెండో రాయిని కింద కాకుండా మొదటిదాని పక్కనే కట్టాడు. మళ్లీ 10 సెకన్లు. నమ్మలేదు. ఏడుసార్లు లెక్కపెట్టాడు. ఆ పీరియడ్‌లో ఇక పాఠం జరగలేదు.