కమ్యూనిటీ ట్యాంక్‌లో ఏంజెల్ పిల్లలు: జంట దగ్గరే ఉంచాలా, తీసెయ్యాలా?

బుల్లిరెక్క
నా ఏంజెల్ చేపల జంట అమెజాన్ స్వోర్డ్ మొక్క ఆకు మీద మూడోసారి గుడ్లు పెట్టింది. మొదటి రెండుసార్లు తెల్లారేసరికి అవే తినేశాయి. ఈసారి నిలబడ్డాయి, పొద్దున చూస్తే గుడ్లు పగిలి పిల్లలన్నీ తలతో ఆకుకి అతుక్కుని తోకలు ఆడిస్తున్నాయి, కాస్త దూరం నుంచి చూస్తే ఆకే వణుకుతున్నట్టుంది. ఒకటి జారి కింద పడితే పెద్ద చేప నోటితో అందుకుని మళ్ళీ ఆకు మీద ఉమ్మేస్తోంది. ట్యాంక్ 200 లీటర్లు, ఇందులోనే వేరే రకం చేపలు, 10 బ్లాక్ విడో టెట్రాలు, అడుగున తిరిగే 6 కోరీలు, ఒక బ్రిసిల్‌నోస్ ప్లెకో ఉన్నాయి. ఖాళీగా ఇంకో 20 లీటర్ల ట్యాంక్ ఉంది. ఆకు కోసి అందులో పెట్టేయనా, ఇలాగే ఉంచనా? ఇన్నాళ్ళకి వచ్చాయి, పోగొట్టుకోవాలని లేదు.

తొట్టిలోకం
ఇవాళ లైట్ ఆపేలోపే తీసెయ్యండి. కమ్యూనిటీ ట్యాంక్‌లో ఏంజెల్ పిల్లలు బతికి బట్టకట్టడం నేనింతవరకు చూడలేదు. పగలు జంట ఎంత కాపలా కాసినా చీకటి పడ్డాక వాటికేం కనపడదు, ప్లెకో తిరిగేదే రాత్రి. ఆకుని గాలి తగలనివ్వకుండా గిన్నెతో నీళ్ళతో సహా ఎత్తండి, చిన్న ట్యాంక్‌లోనూ ఈ నీళ్ళే పొయ్యండి, టెంపరేచర్ 27, 28 డిగ్రీల దగ్గర ఉంచండి, ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) ఆకు పక్కనే పెట్టి బుడగలు మెల్లగా వచ్చేలా చూడండి, ఇప్పటిదాకా తల్లి రెక్కలతో విసిరింది కదా, ఆ పని ఇక గాలి చెయ్యాలి. అవి ఈత మొదలుపెట్టడానికి ఇంకో నాలుగైదు రోజులు పడుతుంది, అప్పటిదాకా తిండి వెయ్యొద్దు, పొట్ట కింద సంచిలో ఉన్న సొన చాలు.

చేపలపిచ్చి
ముందు ప్లెకోని తీసెయ్యండి. మిగతాది తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఆకుపచ్చనీళ్ళు
తీయొద్దండీ. తొట్టిలోకం గారు ఎవరడిగినా ఇదే చెప్తారు. మొదటి రెండుసార్లు తిన్నాయంటే అది కొత్త జంట, ఇంకా చేతకాలేదు. మూడోసారికి నేర్చుకున్నాయి, కిందపడ్డదాన్ని ఎత్తి అతికిస్తున్నాయని మీరే రాశారు, ఆ పని ఏ ఎయిర్ స్టోన్ చేస్తుంది? రేపో ఎల్లుండో పిల్లల్ని ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని ఇంకో ఆకు మీదకి మారుస్తాయి, చూస్తూ కూర్చోండి, గంటసేపు కదలబుద్ధి కాదు. ఇంకో సంగతి, గుడ్లు తీసేస్తే ఆ జంట రెండువారాల్లోపే మళ్ళీ పెట్టేస్తుంది, ఆడచేప ఒళ్ళు గుల్లయిపోతుంది. చీకటే సమస్యయితే ట్యాంక్ పక్కన చిన్న నైట్ ల్యాంప్ పెట్టండి చాలు.

తొట్టిలోకం
నైట్ ల్యాంపా? వెలుతురుంటే జంటకి కనపడినట్టే టెట్రాలకీ కనపడుతుంది కదండీ. అవి 10, ఇవి రెండు. ఒకదాన్ని తరిమేలోపు ఇంకోవైపు నుంచి ఇంకోటి వచ్చి ఎత్తుకుపోతుంది.

ఆకుపచ్చనీళ్ళు
నేను చెప్పింది ట్యూబ్‌లైట్ కాదు. గదిలో సన్నటి వెలుగు. టెట్రాలు రాత్రి ఓ మూల సర్దుకుని ఉంటాయి, వేటాడవు.

తొట్టిలోకం
సర్దుకుని ఉండేది చీకట్లో. మీరే లైట్ పెట్టమంటున్నారు.

గులకరాయి
మేం నీలం జీరో బల్బు పెట్టాం, పనిచేసింది.

తొట్టిలోకం
ఎన్ని పిల్లలు మిగిలాయి?

గులకరాయి
ఆరు. మళ్ళీ ఒకటి పోయింది.

తొట్టిలోకం
చూశారా. వందల్లో పుడితే ఆరు, అదీ పనిచేసినట్టా? ఆకుపచ్చనీళ్ళు గారూ, తల్లి ప్రేమ చూడ్డానికి బానే ఉంటుంది, కానీ పొద్దున లేచి లైట్ వేస్తే ఆకు ఖాళీగా ఉండటం మీరెప్పుడైనా చూశారా? నేను ఏడుసార్లు చూశాను. ఏడోసారి మా అమ్మాయి నాకంటే ముందు లేచింది. పిల్లలేవి నాన్నా అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. మీకు పోతే పోయాయిలే అని ఉంటుందేమో, నాకు లేదు.

ఆకుపచ్చనీళ్ళు
పోతే పోయాయిలే అని నేనెక్కడన్నాను? నేనూ మీలాగే తీశానండీ. 300 గుడ్లు, పైగా అంతా బాగా జరిగింది, దాదాపు అన్నీ ఈదాయి. ఈదాకే అసలు కథ మొదలైంది. 30 లీటర్ల ట్యాంక్, ఉడికించిన గుడ్డు పచ్చసొన గుడ్డలో వడకట్టి వేసేవాణ్ణి, రెండోరోజుకే అడుగున తెల్లటి బూజు, నీళ్ళు కుళ్ళు వాసన. టెస్ట్ చేస్తే అమ్మోనియా. రోజూ చచ్చినవాటిని డ్రాపర్‌తో ఏరేవాణ్ణి, లెక్కపెట్టడం మానేశాను. మూడోవారానికి 40 మిగిలితే సగానికి పొట్టకింద ఉండే పొడుగు రెక్కలే లేవు, కొన్ని నిటారుగా ఈదలేకపోయేవి. మీరు దాన్ని కాపాడటం అంటారు. ఒక్కరాత్రిలో పోవాల్సినవి మూడువారాలు నా కళ్ళముందు పోయాయి, అంతే తేడా.

తొట్టిలోకం
అది పచ్చసొన తప్పు, తీసినందుకు కాదు. ఈదడానికి ముందురోజే ఆర్టీమియా (చేపపిల్లలకి వేసే బుల్లి ఉప్పునీటి రొయ్యలు) గుడ్లు ఉప్పునీళ్ళలో నానబెట్టాలి, లీటరుకి 25 గ్రాముల ఉప్పు, గట్టిగా గాలి, 28 డిగ్రీల దగ్గర ఒకరోజులో పిల్లలొస్తాయి. మంచినీళ్ళతో కడిగి రోజుకి మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెం వెయ్యాలి. తిన్న ఏంజెల్ పిల్ల పొట్ట నారింజరంగులో గుండ్రంగా తెలుస్తుంది, పొట్ట పారదర్శకంగా ఉందంటే తినలేదన్నట్టు. పాత ట్యాంక్‌లో ఆడుతున్న స్పాంజ్ ఫిల్టర్ తెచ్చి పెట్టాలి, రోజూ సగం నీళ్ళు మార్చాలి. ఇవేవీ చెయ్యకుండా పద్ధతిని తిట్టకండి.

ఆకుపచ్చనీళ్ళు
ఇవన్నీ 20 లీటర్లలో 200 పిల్లలకి చెయ్యమని చెప్తున్నారా ఆవిడకి? అవి రూపాయి బిళ్ళంత అయ్యాక ఎక్కడ పెట్టాలో కూడా చెప్పండి మరి.

కోరీనేస్తం
చాలాసేపట్నుంచి చదువుతున్నా. పిల్లల గురించి ఇద్దరూ కొట్టుకుంటున్నారు, ఆ ట్యాంక్‌లో ఇంకో 17 చేపలున్నాయని ఎవరికీ గుర్తులేదు. నా ఏంజెల్ జంట పిల్లల్ని కాచుకున్న వారం ఏం చేసిందో చెప్తాను. ట్యాంక్ మొత్తం వాటిదే అయిపోయింది. నా కోరీలు ఐదూ హీటర్ వెనక మూలలో ఒకదానిమీద ఒకటి ఇరుక్కుని ఉండేవి, తిండి వేస్తే బయటికి రాగానే పొడుచుకుంటూ తరిమేవి. ఒకదానికి కన్ను పోయింది. నాలుగోరోజు రెండు చచ్చిపోయాయి, మూడేళ్ళనుంచి ఉన్నవి అవి. నేను అప్పుడు ఫోన్‌లో పిల్లల వీడియోలు తీసుకుంటున్నాను. ఇప్పటికీ ఆ వీడియోలు చూడలేను.

ఆకుపచ్చనీళ్ళు
నిజమే అక్కా, నేను ఆ వైపు ఆలోచించలేదు.

తొట్టిలోకం
అందుకే కదా తీసెయ్యమంది. పిల్లల్లేకపోతే కాపలా ఉండదు.

కోరీనేస్తం
రెండువారాల్లో మళ్ళీ పెడతాయి తమ్ముడూ, మళ్ళీ ఆ ఆకు చుట్టూ ఎవర్నీ రానివ్వవు. మీరు ఒక్కటి కూడా పోకూడదంటారు, ఆయన నీళ్ళు పట్టినన్నే ఉండాలంటారు, గొడవ అక్కడుంది, ల్యాంప్ దగ్గర కాదు. బుల్లిరెక్క, పెద్దయ్యాక ఎన్నింటికి చోటుందో ముందు లెక్కేసుకో. ఎక్కువైతే చెరువులో వదిలేద్దాం అని మాత్రం అనుకోకు, అది ఈ చేపకీ మంచిది కాదు, అక్కడి చేపలకీ కాదు.

బుల్లిరెక్క
అందరికీ థ్యాంక్స్. కోరీనేస్తం అక్క రాసింది చదివి వెంటనే వెళ్ళి చూశాను, నిజంగానే కోరీలు ఆరూ వెనక మూలలో ఉన్నాయి, పొద్దుటి నుంచి నేను ఆకు తప్ప ఇంకేం చూడలేదు. ఆకు కొయ్యట్లేదు. ట్యాంక్ మధ్యలో ప్లాస్టిక్ జాలీ అడ్డం పెట్టాను, జంట, ఆకు ఒకవైపు, టెట్రాలు, కోరీలు, ప్లెకో రెండోవైపు. నీళ్ళు అవే, ఫిల్టర్ అదే. తీసుకుంటామన్న ఫ్రెండ్స్ ఇద్దరున్నారు, నా దగ్గరవి కలిపి 15కి చోటుంది. ఈదడం మొదలయ్యాక ఒక 30 చిన్న ట్యాంక్‌లోకి తీసి ఆర్టీమియాతో పెంచుతాను, ఎన్నో కొన్ని పోతాయి కాబట్టి. మిగతావి జంట దగ్గరే. ఇది రాస్తుంటే చేతులాడట్లేదు, కానీ ఇంతకంటే నా వల్ల కాదు.

ఆకుపచ్చనీళ్ళు
బాగుందమ్మా. నైట్ ల్యాంప్ మాత్రం పెట్టు.

తొట్టిలోకం
30 కాదు, 60 తీయండి, నా మాట వినండి. మీకు చోటు లేని మిగతా పిల్లలు నేను తీసుకుంటాను, పెంచే ట్యాంకులు నా దగ్గర మూడు ఖాళీగా ఉన్నాయి. జాలీ కన్నం ఎంతుంది? ఈత మొదలయ్యాక చిన్న సందున్నా అవతలికి దూరిపోతాయి. ఫిల్టర్ నీళ్ళు పీల్చే గొట్టానికి స్పాంజ్ తొడిగారా?

బుల్లిరెక్క
స్పాంజ్ తొడిగాను. జాలీ కన్నం రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. దానిమీద పాత నెట్ గుడ్డ ఇంకో పొర కుడుతున్నా ఇప్పుడే.